మిర్యాలగూడలో పొద్దున ఏడుంబావుకి జెయింట్స్ మ్యాచ్: ఎంఎల్‌బీ టీవీ మీద నా మాట

నేను శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మనిషిని. కాబట్టి కింద రాసిందంతా ఆ పక్షపాతంతోనే ఉంటుంది, సర్దుకుని చదవండి. ఎంఎల్‌బీ టీవీ అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్ళు సొంతంగా నడిపే స్ట్రీమింగ్ సర్వీసు. 2025 సీజన్ మొత్తానికి డబ్బు కట్టి, మిర్యాలగూడలో కూర్చుని చూశాను. ఇండియాలో ఉండి దీన్ని తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా జవాబు: యాప్ ఎలా ఉందన్నది తర్వాత, ముందు మీ టీమ్ అమెరికాలో ఏ తీరాన ఉందో చూసుకోండి.

బోస్టన్‌లో రాత్రి 7:10కి మ్యాచ్ మొదలైతే మనకి తెల్లవారుజామున 4:40. నిద్ర చెడగొట్టుకుని చూడాలి, లేదా స్కోరు తెలిసిపోయాక చూడాలి. అదే శాన్ ఫ్రాన్సిస్కోలో సాయంత్రం 6:45కి మొదటి బంతి పడితే మనకి పొద్దున 7:15. చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చోవడానికి అంతకంటే మంచి టైమ్ లేదు. పదింటికల్లా నేను రైస్ మిల్లులో లెక్కల ముందు ఉండాలి. 2022 దాకా ఒక్కో మ్యాచ్ సగటున మూడు గంటలు దాటేది. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) 15 సెకన్లలో బంతి వేయాలి. దాంతో సగటు రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. సంప్రదాయం పోయిందని పాత అభిమానులు గొణుగుతారు గానీ, ఆ రూలే లేకపోతే నాలాంటి ఉద్యోగికి చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దక్కేదే కాదు.

టీవీ మాత్రం ఆ టైమ్‌లో నాది కాదు. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా అమ్మది, భక్తి చానల్. నేను వంటింటి పక్కన ట్యాబ్ పెట్టుకుంటాను. ఒక పక్క సుప్రభాతం, ఒక పక్క "బీట్ ఎల్‌ఏ" (లాస్ ఏంజెలెస్‌ని ఓడించండి) అరుపులు. "ఈ ఆటకి ఓవర్లు లేవా, ఎప్పుడు అయిపోతది?" అని మా ఆవిడ అడుగుతుంది. లేవు. మూడు అవుట్లు అయ్యేదాకా ఇన్నింగ్స్ నడుస్తూనే ఉంటుంది.

ఇక సీజన్ సంగతి. బేస్‌బాల్ మార్చి చివర్లో మొదలవుతుంది, మా దగ్గర యాసంగి వడ్లు దిగడం కూడా దాదాపు అప్పుడే. ఏప్రిల్‌లో మిర్యాలగూడ చూసినవాళ్ళకి తెలుసు: మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీల బారులు, తేమ శాతం మీద వాదనలు. ఆ రోజుల్లో వీడియో చూసే తీరిక ఎక్కడిది? ఈ చందాలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది రేడియో. దాదాపు ప్రతి మ్యాచ్‌కీ రెండు టీమ్‌ల టీవీ కామెంటరీల్లో ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు, రేడియో కూడా వినొచ్చు. ఆలస్యంగా నడిచిన మ్యాచ్‌ల చివరి భాగం ఒక చెవిలో జాన్ మిల్లర్ కామెంటరీ, ఇంకో చెవిలో తేమ శాతంగా గడిచింది. టీవీలోనైతే మైక్ క్రూకో, డ్యూయేన్ కైపర్ జంట. ఇద్దరూ పాత జెయింట్స్ ఆటగాళ్ళే. కైపర్ మూడు వేల పైచిలుకు సార్లు బ్యాటింగ్‌కి దిగి జీవితం మొత్తంలో కొట్టింది ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). ఇప్పుడు ఎవరు హోమ్ రన్ కొట్టినా ఆయన గొంతే నాకు వినబడాలి. ఎదుటి టీమ్ కామెంటరీ పెట్టుకుని జెయింట్స్ మ్యాచ్ చూడటం నా వల్ల కాదు.

2025 ఏప్రిల్ మొదటివారం చూశాక ఈ చందా డబ్బులు వచ్చేశాయనిపించింది. మార్చి 27న సిన్సినాటిలో మొదటి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో విల్మర్ ఫ్లోరెస్ మూడు పరుగుల హోమ్ రన్, 6-4తో గెలుపు. సొంతూళ్ళో మొదటి మ్యాచ్ ఏప్రిల్ 4న సియాటిల్‌తో. తొమ్మిదికి స్కోరు సమమై, పదకొండు ఇన్నింగ్స్‌లు సాగి 10-9తో గెలిచారు, చివరి దెబ్బ మళ్ళీ ఫ్లోరెస్‌దే. రెండు రోజుల తర్వాత ఇంకోసారి అతనే గెలిపించాడు. అప్పటికి లెక్క 8 గెలుపులు, 1 ఓటమి. ఏప్రిల్ 13న న్యూయార్క్‌లో యాంకీస్ మీద ఇ జంగ్ హూ రెండు హోమ్ రన్‌లు కొట్టాడు, 5-4. ఆ మ్యాచ్ మనకి ఆదివారం రాత్రి పదకొండు దాటాక పడింది కాబట్టి పూర్తిగా చూడగలిగాను. ఇతను కొరియా నుంచి వచ్చిన కుర్రాడు. వాళ్ళ నాన్నని అక్కడ 'గాలి కొడుకు' అనేవారట, అందుకని ఇతను 'గాలి మనవడు'. 2024లో భుజం జారి మిగతా సీజన్ మొత్తం పోగొట్టుకున్నవాడు అలా ఆడుతుంటే సంతోషం వేసింది.

ఇంత బాగా ఆడినా మనశ్శాంతి లేదు, ఎందుకంటే అవతల లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒక్కటీ ఓడకుండా 8-0తో మొదలుపెట్టారు. కిందటేడాది కప్పు గెలిచిన టీమ్ అంత బాగా సీజన్ మొదలుపెట్టడం అదే మొదటిసారి. ఎనిమిదోది వాళ్ళ జపాన్ ఆటగాడు ఓహ్తాని చివరి ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో. మేం 8-1 అయినా కాలర్ ఎగరేయలేని పరిస్థితి.

వీళ్ళిద్దరి వైరం ఎక్కడిదో తెలియనివాళ్ళకి: రెండు టీమ్‌లూ ఒకప్పుడు న్యూయార్క్‌వే. జెయింట్స్‌ది మాన్‌హటన్, డాడ్జర్స్‌ది బ్రూక్లిన్. 1951లో బాబీ థామ్సన్ చివరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి డాడ్జర్స్ నోటి దగ్గర కూడు లాగేశాడు. 1958లో రెండూ కలిసే కాలిఫోర్నియాకి మారాయి, పగ కూడా సామానుతో పాటు వెళ్ళింది. 2021లో జెయింట్స్ 107 గెలిచారు, డాడ్జర్స్ 106. అయినా ప్లేఆఫ్స్‌లో ఐదో మ్యాచ్‌లో డాడ్జర్స్ 2-1తో మమ్మల్ని ఇంటికి పంపారు. చివరి బంతికి ఫ్లోరెస్ బ్యాట్ ఆపేశాడు, అంపైర్ తిప్పాడన్నాడు, అంటే అవుట్. ఆ క్లిప్ ఇప్పుడు పెట్టి చూపించినా నాకు బ్యాట్ తిరిగినట్టు కనిపించదు. అందుకే 2025 ఏప్రిల్‌లో అదే ఫ్లోరెస్ వరసగా గెలిపిస్తుంటే అంత ఊగిపోయాను.

తమాషా ఏంటంటే, ఏప్రిల్‌లో ఈ ఇద్దరూ ఎదురుపడనే లేదు. సీజన్‌లో ఆడే 162 మ్యాచ్‌లలో డాడ్జర్స్‌తో 13 మాత్రమే, 2025లో మొదటిది జూన్ 13న. అంటే రెండున్నర నెలలు శత్రువుని పాయింట్ల పట్టికలోనే చూడాలి. మా మ్యాచ్ నడుస్తుండగా పక్కన వాళ్ళ మ్యాచ్ పెట్టుకోవడానికి ఈ యాప్‌లో వీలుంది, ఒకే తెరమీద ఒకటికంటే ఎక్కువ చూడొచ్చు. వాళ్ళది లాస్ ఏంజెలెస్‌లో ఉంటే 7:40కి మొదలు, మాది 7:15కి. ఇంట్లో వాళ్ళకి ఇది పిచ్చిలా కనబడుతుందని నాకు తెలుసు.

మా అక్క కొడుకు లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేస్తాడు, అక్కడికెళ్ళిన ఏడాదికే డాడ్జర్స్ టోపీ పెట్టాడు. వాడికి ఇదే ఎంఎల్‌బీ టీవీ మామూలు చందాలో డాడ్జర్స్ లైవ్ రాదు! లోకల్ చానల్‌కి హక్కులున్నాయి కాబట్టి ఆ ప్రాంతంలో వాళ్ళ ఊరి టీమ్‌ని బ్లాకౌట్ చేస్తారు. ఆ స్టేడియానికి కారులో పోగలిగేవాడికి రాని మ్యాచ్ మిర్యాలగూడలో నాకు వస్తుంది. ఏప్రిల్‌లో దీని మీద వాణ్ణి ఆడుకున్నాను. వాడు తొణక్కుండా, "మామా, మీరు ఏప్రిల్‌ల గెలువుండ్రి, మేం అక్టోబర్‌ల గెలుస్తం" అన్నాడు.

అలాగే అయింది. జూన్ 13న కేసీ ష్మిట్ గ్రాండ్ స్లామ్ (బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టే హోమ్ రన్, నాలుగు పరుగులు) కొట్టి 6-2తో గెలిపించాడు, ఆ పూట పట్టికలో డాడ్జర్స్ పక్కన నిలబడ్డాం. రెండు రోజులకి బోస్టన్ నుంచి రాఫెల్ డెవర్స్‌ని తెచ్చారు. ఇక తిరుగులేదనుకున్నాం. జూలై చివరికొచ్చేసరికి ఓడీ ఓడీ టైలర్ రోజర్స్, డోవాల్, యాస్ట్రెంస్కీలని వేరే టీమ్‌లకి ఇచ్చేశారు. చివరి లెక్క 81-81. సగానికి సగం. డాడ్జర్స్ కప్పు మళ్ళీ గెలిచారు. సెప్టెంబర్ 12న పాట్రిక్ బెయిలీ పదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టి వాళ్ళని 5-1తో ఓడించడం ఒక్కటే మేనల్లుడికి నేను మళ్ళీ మళ్ళీ పంపించుకునే వీడియో.

ఇక కొనాలనుకునేవాళ్ళకి. కార్డులో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ముందే ఆన్ చేసుకోండి, బ్యాంకు దాని మీద వేసే అదనపు ఛార్జీ కూడా లెక్కలో పెట్టుకోండి. చందా దానంతటదే రెన్యువల్ అవుతుంది, వద్దనుకుంటే సీజన్ అయ్యాక ఆపేయాలి. అమెరికా తేదీ మనకంటే వెనక, అక్కడి మంగళవారం రాత్రి మ్యాచ్ మనకి బుధవారం పొద్దున. వాళ్ళు పగటిపూట ఆడేవి మనకి రాత్రి బాగా పొద్దుపోయాక పడతాయి, వాటికోసం సెట్టింగ్స్‌లో స్కోర్లు కనబడకుండా పెట్టుకుని పొద్దున కుదించిన మ్యాచ్ చూసుకోవచ్చు. ప్రతి బంతీ ఉండదు గానీ ముఖ్యమైన ఘట్టాలు ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉండదు. స్నానానికి నీళ్ళు కాగేలోపు దాదాపు అయిపోతుంది. శుక్రవారం మ్యాచ్‌లు కొన్ని ఆపిల్ టీవీవి, అవి వేరే లెక్క.

నెట్ విషయంలో మాత్రం జాగ్రత్త. మా కాలనీలో కనెక్షన్ ఇచ్చే ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు, పేరెందుకులే, సరిగ్గా పొద్దున ఎనిమిదింటికి లైన్ పని పెట్టుకుంటాడు. అందుకే ఫోన్‌లో డేటా ఎప్పుడూ ఉంచుకుంటాను.

2026 సీజన్‌కి టెనసీ యూనివర్సిటీ టీమ్ కోచ్ టోనీ విటెల్లోని జెయింట్స్ మేనేజర్‌గా తెచ్చారు, ప్రొఫెషనల్ టీమ్‌ని అంతకుముందు నడిపిన మనిషి కాదు. నాకు గుబులుగానే ఉంది. అయినా చందా మళ్ళీ కడతాను. మీరు క్రికెట్ ఒక్కటే చూసేవాళ్ళయితే ముందు డబ్బు కట్టకండి. ఫ్రీ అకౌంట్ తెరిచి, ఉచితంగా ఇచ్చే మ్యాచ్‌లుంటే ఒక వారం చూడండి. అప్పటికీ కుతూహలం ఉంటే శాన్ డియేగో, సియాటిల్, శాన్ ఫ్రాన్సిస్కోలలో ఏదో ఒకటి ఎంచుకోండి. లాస్ ఏంజెలెస్‌కి ఇప్పటికే మనుషులు చాలామంది ఉన్నారు.