ఉద్దానంలో సోలార్ నర్సరీ: దారి, బస, నారు

కరెంటు లైను లేకుండా షేడ్‌నెట్‌లో, అంటే ఎండను తగ్గించే వల కింద, కూరగాయల నారు పెంచుతున్నారంటే చూద్దామని శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాం. రైల్లో వచ్చేవాళ్లు పలాసలో దిగాలి. పక్కనే ఉన్న కాశీబుగ్గ నుంచి బస్సులున్నాయి గానీ, నర్సరీ జీడితోటల మధ్య లోపలికి ఉంది, ఆటో తప్పదు. తిరుగు ప్రయాణం బేరం కూడా ముందే తేల్చుకోండి. చీకటి పడ్డాక వాళ్లు చెప్పిందే రేటు.

మొదట కాశీబుగ్గలో ఓ లాడ్జిలో దిగాం. ఏసీ బాగానే ఉంది, పిలిస్తే పలికే నాథుడే లేడు. మర్నాడు నర్సరీలోని గదికి మారాం. రెండు మంచాలు, దోమతెర, సోలార్ ఫ్యాను. తెల్లవారుజాముకి ఫ్యాను నీరసించింది. అయినా నా ఓటు దీనికే. ఇక్కడ అసలు పని పొద్దున్నే, మళ్లీ సాయంత్రం చల్లబడ్డాక. పదింటికి వచ్చి వెళ్లిపోతే ఆకుపచ్చ వల తప్ప ఏమీ కనపడదు.

కొబ్బరి పొట్టును ఉప్పు పోయేదాకా కడిగి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచుతారు. 98 గుంతల ట్రేల్లో నింపి, గుంతకో విత్తనం వేసి, ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి నల్ల పాలిథిన్ కప్పుతారు. టమాటాకి నాలుగైదు రోజులు, మిరపకి వారం పైనే. నర్సరీ ఆవిడ రోజూ పొద్దున్నే అంచు ఎత్తి చూస్తుంది. మొలక తల ఎత్తగానే ట్రేలు విడదీసి వెలుతురులో పరవాలి. “ఒక్క పూట లేటయితే కాడ సాగిపోద్ది బాబూ” అంది. నాకు చూపించిన ట్రేలో మొలకలు తెల్లగా, దారాల్లా వాలిపోయి ఉన్నాయి.

ఎండ ఉన్నప్పుడు సోలార్ పంపు ఎత్తుమీది ట్యాంకు నింపుతుంది, అక్కణ్నుంచి నీళ్లు వాటంతట అవే దిగుతాయి. నారుకుళ్లు భయంతో సాయంత్రం తడపరు. 2018లో తిత్లీ తుపానుకి ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు కాబట్టి ఈ ఏర్పాటు నాకు సరదా ప్రయోగంలా అనిపించలేదు. గాలి హెచ్చరిక వస్తే విప్పేసేలా వలను తాళ్లతోనే కట్టారు. ప్లాస్టిక్ షీటు కప్పే ఖరీదైన పాలీహౌస్ కంటే ఈ తీరానికి ఇదే నయం.

భోజనం ముందు రోజే చెప్పాలి. పచ్చి జీడిపప్పు కూర దొరికే రోజుల్లో అస్సలు వదలకండి. నారు కావాలంటే నెల ముందే ఆర్డరివ్వాలి. టమాటా నారు 25 రోజులకి నాటుకు వస్తుంది, మిరపకి ఇంకో పది రోజులు. ట్రేలతో సహా తీసుకెళ్తే డిపాజిట్ అడుగుతారు, న్యాయమే.