విద్యార్థి ప్రదర్శనకు పంపే పింగాణీ: కరెంటు కిల్నా, గ్యాస్ కిల్నా?

అమెరికాలో సిరామిక్ కళల విద్యా మండలి ఎన్‌సీఈసీఏ పెట్టే విద్యార్థి ప్రదర్శనలాంటి వాటికి తొలి వడపోత ఫొటోలతోనే. అందుకే గ్లేజు (ముక్క మీది గాజులాంటి పూత) రంగు దగ్గర పొరపాటు కుదరదు.

రంగు కోసమైతే గ్యాస్ కిల్నే (కిల్న్ అంటే మట్టి ముక్కలు కాల్చే బట్టీ). 1 శాతం ఐరన్ ఆక్సైడు కలిపిన సెలడాన్ అనే గ్లేజు, గాలి తగ్గించి కాలిస్తే లేత నీలిపచ్చగా దిగుతుంది. కరెంటు కిల్న్‌లో అదే గ్లేజు ఎండుగడ్డి రంగు. రాగి అయితే ఎరుపుకు బదులు పచ్చ.

కానీ గ్యాస్ ఓపిక అడుగుతుంది. సుమారు 900 డిగ్రీల దగ్గర డ్యాంపరు (పొగ బయటికి పోయే దారి మూత) కొద్దిగా మూయాలి. చూపు రంధ్రంలోంచి వేలెడు మంట మెత్తగా నాలుక చాస్తే చాలు. నల్లటి పొగ వస్తోందంటే గ్యాసు వృథా. తొందరపడి ముందే మూస్తే మట్టిలో కర్బనం చిక్కుకుంటుంది, కోన్ 10 (కోన్ అంటే వేడికి వంగి, ఎంత కాలిందో చూపే చిన్న శంకువు; అంకె దాని వేడి స్థాయి) చేరేసరికి ముక్క బుడగలెత్తి ఉబ్బుతుంది. పై అరకూ కింది అరకూ వేడి తేడా మామూలే, ప్రతి అరలో కోన్ పెట్టాల్సిందే. కార్బన్ మోనాక్సైడు వస్తుంది కనుక మూసిన గదిలో వద్దే వద్దు.

కరెంటు కిల్న్ అయితే, వేడిని నడిపే ప్రోగ్రామరు పరికరం పెడితే కోన్ 6కు, అంటే 1220 డిగ్రీల చుట్టుపక్కలకు, తనే చేరుతుంది. మళ్ళీ కాల్చినా దాదాపు అదే రంగు. అందులో కర్రముక్కలు వేసి గ్యాస్ రంగు తెప్పిద్దామనుకోకండి, వేడిచేసే తీగల మీది రక్షణ పొర పోయి త్వరగా తెగిపోతాయి.

గడువు మూడు వారాలే ఉంటే కరెంటే మేలు. సెలడాన్ మోజు పక్కనపెట్టి, మొదటి వారంలోనే నిలువు టైల్స్ (నిలబెట్టి కాల్చే నమూనా పలకలు) మీద గ్లేజు జారుడు చూసుకోండి.