ఎస్టర్‌బ్రూక్ ఎస్టీ: కొత్త పెన్నులో పాత పాళీ

ఎస్టర్‌బ్రూక్ ఎస్టీ అనే సిరా పెన్ను గురించి ఎవరు రాసినా రంగుల గురించి రాస్తారు, మూతలో ఉన్న స్ప్రింగ్ గురించి రాస్తారు. రెండూ బాగుంటాయి, కాదనను. నేను దీన్ని ఇన్నేళ్లుగా వదలకుండా వాడుతున్నది మాత్రం విడిగా అమ్మే ఓ చిన్న ముక్క కోసం. ఎంవీ అడాప్టర్ అంటారు దాన్ని. పెన్నుతో వచ్చిన, జోవో అనే జర్మన్ కంపెనీ చేసిన పెద్ద పాళీని విప్పేసి, ఆ చోట దీన్ని బిగిస్తే, ఎస్టర్‌బ్రూక్ పేరుతోనే అప్పట్లో వచ్చిన జె రకం పెన్నుల పాళీలు ఇందులో చక్కగా మర తిరిగి కూర్చుంటాయి. అంటే 1940లు, 50ల నాటి పాళీలు!

దీనికింత మురిసిపోవాలా అంటే, నాకైతే మురిసిపోవాలనే ఉంది. పాత బ్రాండుని మళ్లీ లేపామనే కంపెనీలు ఎక్కువగా తెచ్చేది పేరూ, ఆకారమూ. 1941 నాటి పార్కర్ 51 మూత అలా జారిస్తే ఇలా పట్టుకునేది. 2021లో అదే పేరుతో వచ్చినదానికి తిప్పి బిగించే మూత పెట్టారు. పోలికలున్నాయి గానీ పాతదాని మూత కొత్తదానికి పట్టదు. మన రాజమండ్రి రత్నం, గైడర్ పెన్నులకు ఈ గొడవే లేదు, ఆగితే కదా మళ్లీ లేపడానికి. ఎస్టర్‌బ్రూక్ మాత్రం 1858లో న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో మొదలై, వందేళ్లు దాటి నడిచి, నిజంగానే మూతబడింది. 2018లో చేతులు మారాక ఎస్టీ వచ్చింది. అలా వచ్చిన కొత్త పెన్నుకి పాత పాళీ పట్టేలా చేయాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్లకో దండం.

నేనుండేదీ న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో. లాంబర్ట్‌విల్‌లో జరిగే పాత సామాన్ల సంతకు అప్పుడప్పుడూ వెళ్తుంటాను. పెన్నులు చేసిన ఊరు ఇదే రాష్ట్రంలోది కావడం వల్లనో ఏమో, అక్కడ ఎస్టర్‌బ్రూక్‌లు బాగానే కనిపిస్తాయి. పగిలిన జె పెన్నులు తక్కువకే ఇస్తారు, నాక్కావలసింది వాటి ముందున్న పాళీ. ప్రతి పాళీ మీదా నాలుగంకెల నంబరు చెక్కి ఉంటుంది. పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లంతా 9128 కోసం వెతుకుతారు. అది సన్నగా ఉండి, నొక్కితే విచ్చుకునే రకం. నాకూ అదే ముందు దొరికింది. ఇంగ్లీషు రాస్తే నిజంగా ముచ్చటగానే ఉంది. తెలుగు రాస్తేనే తేడా వచ్చింది. పాళీ విచ్చుకునేది చెయ్యి కిందికి లాగేటప్పుడే. మన అక్షరాల్లో తిన్నగా కిందికి లాగే గీత ఎక్కడుంది? చెయ్యి ఎప్పుడూ ఏదో సున్నా చుడుతూనే ఉంటుంది. దాంతో ఒక అక్షరానికి ఎడమ పక్క లావు, ఇంకో అక్షరానికి అడుగున లావు. 'ధ' కింద గీత పొట్టలో కలిసిపోయి 'ద'లా కనిపించేది.

ఆ తర్వాత ఓ విరిగిన పెన్నుతో పాటు వచ్చింది 1550. పద్దులు రాసుకునేవాళ్ల కోసం చేసిన పాళీ. సన్నటి గళ్లలో చిన్న చిన్న అంకెలు వెయ్యడానికి పనికొచ్చేలా గట్టిగా, బిర్రుగా ఉంటుంది. ఎవరూ దీన్ని పొగడగా నేను చూడలేదు. నేనైతే 'రాష్ట్రం' అని రాసి, 'ష్ట్ర'లో ట ఒత్తూ, దాని పక్కన క్రావడీ రెండూ విడివిడిగా, మధ్యలో తెల్లగా చోటు మిగిలి కనిపించేసరికి కాగితాన్ని దీపం దగ్గర పెట్టుకుని మళ్లీ చూసుకున్నాను. ఎస్టీతో వచ్చిన మీడియం పాళీతో రాసినప్పుడు అదే చోట ఓ సిరా ముద్ద ఉండేది. మా మేనకోడలి పెళ్లికి ఇక్కడ పంచాల్సిన శుభలేఖల కవర్ల మీద పేర్లన్నీ దీనితోనే రాశాను. "అచ్చు వేయించావా?" అని మా అక్క అడిగింది.

అయితే ఆ 1550 ఇప్పుడు నా పెన్నులో లేదు. 9తో మొదలయ్యే పాళీల కొసన గట్టి లోహపు గుండు అతికి ఉంటుంది. 1తో మొదలయ్యేవాటికి ఉక్కు కొసనే మడిచి వదిలేశారు. అరిగిపోతే తీసి ఇంకోటి బిగించుకోవడమే అప్పటి పద్ధతి, ఈ పాళీలకు పెట్టిన పేరు కూడా రెన్యూ-పాయింట్. రోజూ రాసేసరికి నాదీ అరిగింది. ఒక పక్కకి వాలి, ముందున్న సన్నదనం పోయింది. దాన్నే గట్టి కొసతో చేసిన 9550 కోసం ఆన్‌లైన్‌లో వెతికి, వాడని పాత సరుకని రాసిన ఒకాయన దగ్గర తెప్పించాను. మొదటి రోజు బాగానే రాసింది. రెండో పేజీకి వేళ్లు తడిగా తగిలాయి. చూస్తే పాళీని పట్టుకునే మర కాలర్‌లో వెంట్రుకంత పగులు, అందులోంచి సిరా ఊరుతోంది. మా నాన్నకు రాస్తున్న ఉత్తరం మధ్యలో చుక్క పడనే పడింది. అమ్మినాయనకు ఫొటో పంపితే, పాత సామానుకి వాపసు లేదన్నాడు. ఇప్పుడు వాడుతున్న 9550 మళ్లీ సంతలోనే, కళ్లతో చూసి, నోటు పుస్తకం మీద గీసి కొన్నది.

అడాప్టర్ గురించి నా పొగడ్తకు ఇక్కడో షరతు పెట్టాలి. ఈ పాళీలు ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. స్నూపీ బొమ్మలు గీసిన చార్లెస్ షుల్జ్ ఎస్టర్‌బ్రూక్ వాళ్లదే 914 అనే, సిరాలో ముంచి గీసే పాళీతో గీసేవాడు, అవి ఇక రావని తెలిసి మిగిలిన సరుకంతా కొనేసుకున్నాడు. నేనంత చెయ్యలేను. దొరికినవాటిలోనూ కొన్నింటి నాలుక, అంటే పాళీ కింద సిరా అందించే నల్ల రబ్బరు ముక్క, ఎండిన సిరాతో బిగుసుకుపోయి ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెడితే ఆ రబ్బరు గోధుమ రంగుకు తిరుగుతుంది, కాసేపు చాలు. పైగా ఎస్టీ లావుపాటి పెన్ను. దాని ముందు ఈ పాళీ పెద్ద మొహానికి చిట్టి ముక్కులా ఉంటుంది. నేను అలవాటు పడ్డాను, మా ఆవిడ పడలేదు.

స్ప్రింగ్ మూత సంగతీ చెప్పాలి. సెలవులకు ఇండియా వెళ్లొచ్చి తీసినా మొదటి గీతకే సిరా దిగింది. కానీ నొక్కి పట్టుకుని తిప్పాలి. ఫోన్‌లో మాట్లాడుతూ ఒక చేత్తో తీద్దామంటే కుదరదు, అందుకని ఆఫీసు బల్ల మీద వేరే పెన్ను పెట్టుకున్నాను.

కొనమంటారా అని అడిగితే, మీరు రాసేదాన్ని బట్టి. రోజూ తెలుగు రాసే అలవాటు, సంతలు దగ్గర్లో ఉండటం, గట్టి పాళీ అంటే ఇష్టం, నాకివన్నీ కలిసొచ్చాయి. ఇండియాకు తెప్పించుకునేవాళ్లు పెన్ను ధర ఒక్కటే చూసుకుంటే చాలదు, అడాప్టరూ పాళీలూ కస్టమ్సూ కలుపుకోవాలి. లీవర్ లాగి సిరా పట్టడం కష్టమనిపించని వాళ్లకు, లోపలి రబ్బరు సంచి మార్చిన పాత జె పెన్ను చాలు, అవే పాళీలు దానికీ పడతాయి, ఖర్చూ తక్కువ. కొత్త రంగులు వచ్చినప్పుడల్లా ఇంకో ఎస్టీ మీదికి మనసు పోతుంది గానీ నేను కొనను. ఆ డబ్బు పెట్టి కాలర్ పగలని 9550లు రెండు వెతికి పెట్టుకుంటాను.