షిప్పింగ్ రికార్డుల ఏపీఐ కొంటున్నారా? 10,000 రికార్డుల దగ్గర ఏం జరుగుతుందో చూశాకే డబ్బు కట్టండి

ఓడల సరుకు రికార్డులను మన ప్రోగ్రామ్‌తో నేరుగా తెప్పించుకునే ఏపీఐకి ఏడాది చందా కట్టబోతున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఏ కంపెనీ గురించో పేరు రాయడం లేదు. ఈ డేటా కొనేవాళ్ళలో చాలామంది దాని డెమో చూసే ఉంటారు. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో ఎక్కించిన సరుకు రశీదు) నంబర్ కొడితే రెప్పపాటులో రికార్డు తెరిచి చూపిస్తారే, అదే.

నంబర్ ఇచ్చి ఒక్క రికార్డు తెప్పించుకోవడం వరకు దానిలో లోపం లేదు. బిల్లు నంబరుతో వస్తుంది, కంటైనర్ నంబరుతోనూ వస్తుంది. కానీ ఇంత డబ్బు పోసి కొనేది అందుకు కాదు కదా. ఒక రేవు, ఒక హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే కస్టమ్స్ నంబర్), మూడు నెలల తేదీలు ఇచ్చి మొత్తం రికార్డులు దించుకోవడానికి కొంటాం. మోసమంతా అక్కడే ఉంది.

పేజీకి 100 రికార్డుల చొప్పున నూరో పేజీ దాకా అంతా సవ్యంగా వస్తుంది. 101వ పేజీ అడిగితే స్టేటస్ 200 (అంతా బాగుందని చెప్పే కోడ్), జాబితా ఖాళీ, ఇంకా రికార్డులు ఉన్నాయో లేదో చెప్పే ఫీల్డులో 'ఫాల్స్'. అది చూసి ఏ ప్రోగ్రామైనా డేటా అయిపోయిందనుకుని ఆగిపోతుంది, ఆగాలి కూడా. టోటల్ ఫీల్డులో సరిగ్గా 10,000 అని ఉంటుంది. రేవు మార్చినా 10,000, హెచ్‌ఎస్ కోడ్ మార్చినా 10,000. అదే మూడు నెలలను రోజుకొక క్వెరీగా (వెతుకులాటగా) విడగొట్టి లెక్కలు కూడితే మొత్తం దానికి రెట్టింపు దాటింది. అంటే సగానికి పైగా రికార్డులు ఇవ్వకుండానే 'ఇంతే ఉన్నాయి' అని జవాబు పంపారు.

ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ళకు ఈ అంకె కొత్తది కాదు. అందులో ఫ్రమ్ (ఎన్ని వదిలేసి మొదలుపెట్టాలి), సైజ్ (ఎన్ని కావాలి) కలిపి 10,000 దాటితే డిఫాల్ట్‌గా ఎర్రర్ వస్తుంది. 7.0 వెర్షన్ నుంచి టోటల్ లెక్క కూడా డిఫాల్ట్‌గా అక్కడే ఆగుతుంది, కాకపోతే పక్కన 'జీటీఈ' అని ఉంటుంది. ఇంతకు తక్కువ కాదు, ఇంకా ఉండొచ్చు అని దానర్థం. పరిమితి ఉండటం తప్పు కాదు. లోతుగా వెళ్ళాల్సినవాళ్ళ కోసం సెర్చ్ ఆఫ్టర్ లాంటి, ఆగిన రికార్డు నుంచి ముందుకు సాగే కర్సర్ పద్ధతులున్నాయి. అది ఇవ్వడం ఇష్టం లేకపోతే 400 ఎర్రర్ (అడిగిన తీరు సరికాదని చెప్పే కోడ్) ఇచ్చి 'తేదీలు తగ్గించుకోండి' అని చెప్పొచ్చు. పరిమితి తగిలిన చోట ఖాళీ జాబితా పెట్టి, 'ఫాల్స్' అని రాసి, 200తో పంపాలంటే మాత్రం ఎవరో కూర్చుని ఆ కోడ్ రాయాలి.

నష్టం రికార్డుల సంఖ్యతో ఆగదు. ఈ ఏపీఐలో డిఫాల్ట్ వరుస కొత్తవి ముందు, పాతవి తర్వాత. కాబట్టి కోత ఎప్పుడూ పాత తేదీల మీదే పడుతుంది. మూడు నెలలకు గ్రాఫ్ వేస్తే మొదటి నెలలో సరుకే రానట్టు, చివరి నెలలో దిగుమతులు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ గ్రాఫ్ చూసి సరుకు ఆర్డర్ పెట్టేవాళ్ళుంటారు, రేటు ఒప్పుకునేవాళ్ళుంటారు. ఎర్రర్ వచ్చి ఉంటే ఎవరైనా ఆగి చూసేవారు.

ఇక సపోర్ట్ సంగతి. టికెట్‌కు మొదటి జవాబు: 'అవి దిగుమతిదారులు గోప్యత కోరిన రికార్డులు, అందుకే రావడం లేదు.' ఇది పచ్చి అబద్ధం. అమెరికా కస్టమ్స్ మేనిఫెస్ట్ (ఓడలోని సరుకుల జాబితా) డేటాలో గోప్యత అడిగే వీలున్న మాట నిజమే, ఒకసారి ఆమోదిస్తే అది రెండేళ్ళు నడుస్తుంది. కానీ దాని కింద దాచేది పేర్లు, చిరునామాలు, సరుకు మీది గుర్తులు, నంబర్లు. రికార్డు మొత్తం మాయమవదు. ఓడ, రేవు, తేదీ, బరువు అలాగే ఉంటాయి. పైగా అవే రికార్డులు ఒక్కో రోజు క్వెరీలో కన్‌సైనీ (సరుకు అందుకునేవారి) పేరుతో సహా వస్తున్నాయి! గోప్యమైనవైతే ఆ పేర్లు ఎలా వచ్చాయి?

మూడు నెలల క్వెరీకి, ఒక్కో రోజు క్వెరీకి ఏపీఐ ఇచ్చిన రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి సపోర్ట్‌కు పంపితే వచ్చింది ఇది: 'మీ ప్లాన్‌లో డీప్ సెర్చ్ లేదు. అన్ని రికార్డులూ ఇస్తామని మేము ఎక్కడా రాయలేదు.' కింద పెద్ద ప్లాన్ లింకు. టికెట్ క్లోజ్. ఒక్క క్షమాపణ లేదు, డాక్యుమెంటేషన్ సరిచేస్తామన్న మాట లేదు. నిన్నటిదాకా గోప్యత అన్నవాళ్ళు ఈరోజు ప్లాన్ అంటున్నారంటే, మొదటి జవాబు రాసేటప్పుడే అసలు కారణం వాళ్ళకు తెలుసు. కోపం వచ్చింది అందుకే. తెలిసి తెలిసి కొనుగోలుదారుడి మొహం మీద అబద్ధం చెప్పారు. ఖాళీగా వచ్చిన పేజీలకు కూడా క్రెడిట్లు (వాడకాన్ని లెక్కగట్టే యూనిట్లు) కోశారు, వాటి గురించి ఇప్పటికీ జవాబు లేదు.

ఇంకెవరి దగ్గర కొన్నా ట్రయల్ కీతోనే ఇవి చూడండి. కచ్చితంగా 10,000 దాటే పెద్ద క్వెరీ ఒకటి వేసి, నెల టోటల్‌కూ రోజుల టోటళ్ళ కూడికకూ పొంతన ఉందో లేదో చూడండి. వరుసను పాతవి ముందు వచ్చేలా తిప్పి అన్ని పేజీలూ లాగండి. చివరి రికార్డు మీరడిగిన చివరి తేదీ దరిదాపులకు కూడా రాకపోతే కోత పడినట్టే. ఒకే బిల్లు నంబరును ముందు నాలుగక్షరాల స్కాక్ కోడ్‌తో (రవాణా కంపెనీని గుర్తించేది) ఒకసారి, అది లేకుండా ఒకసారి వెతికి, అదే రికార్డు వస్తుందో లేదో చూడండి. ఖాళీ జవాబుకు, 429కి (మరీ ఎక్కువసార్లు అడిగారనే ఎర్రర్), 5xx ఎర్రర్లకు (వాళ్ళ సర్వర్ లోపాలు) క్రెడిట్ కోస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఫలితాలు కత్తిరిస్తే ఎర్రర్ ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. అది ఒప్పుకోనివాళ్ళకు నెలవారీ తప్ప ఏడాది చందా కట్టొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు క్వెరీలను రోజుకొకటిగా విడగొట్టండి. ఒక్క రోజే 10,000 తాకితే రేవు కోడ్‌తో, అదీ చాలకపోతే క్యారియర్ కోడ్‌తో ఇంకా చీల్చండి. టోటల్ సరిగ్గా 10,000 వస్తే మీ ప్రోగ్రామ్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగేలా రాసుకోండి. మాస్టర్ బిల్లులు (ఓడ కంపెనీ ఇచ్చేవి), హౌస్ బిల్లులు (సరుకు పంపే ఏజెంటు ఇచ్చేవి) కలిపి కూడకండి, ఒకే సరుకు రెండుసార్లు లెక్కకొస్తుంది. సవరణలు తర్వాత కూడా వస్తుంటాయి కాబట్టి రోజువారీ కొత్త డేటాను ఓడ చేరిన తేదీతో కాకుండా, రికార్డు అప్‌డేట్ అయిన తేదీతో లాగండి. పాత నెలల ఫైళ్ళు ఈ ఏపీఐ నుంచే దించి ఉంటే ఒక్కో క్వెరీకి ఎన్ని వరుసలున్నాయో ఈరోజే లెక్కపెట్టండి. సరిగ్గా 10,000 ఉన్న ప్రతి ఫైలునూ మళ్ళీ దించాల్సిందే.