సీల్ కొత్తదే, లోపలి డిస్కే పాతది. జాగ్రత్త!

పాత కంప్యూటర్లకు అప్‌గ్రేడ్ కిట్లు అమ్మే ఆయన గురించే. పేరు చెప్పను, ఎవరో మీకు తెలుసు. "కళ్లు మూసుకుని తీసుకోండి" అని నాకు చెప్పిన వాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. కళ్లు మూసుకునే తీసుకున్నాను లెండి.

మా ఇంట్లో కంప్యూటర్ పాతది, నాలుగో జనరేషన్ ఇంటెల్ ఐ5 ప్రాసెసర్‌ది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక, కొత్తది కొనాలా, దీన్నే బాగుచేసుకోవాలా అని నెలల తరబడి ఊగిసలాడాను. ఈయన మదర్‌బోర్డు ఫొటో అడిగాడు, పంపాను. "హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఒక ఎస్‌ఎస్‌డీ డిస్కు, ఇంకో 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ చాలు మేడం, కొత్తది దండగ. విండోస్ 11 కూడా హాయిగా నడుస్తుంది" అన్నాడు. దండగ అనేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆర్డర్ పెట్టేశాను.

సీల్ వేసిన డబ్బా వచ్చింది. తమ్ముడు బిగించాడు. నిజంగానే స్పీడ్ పెరిగింది. ఆ ఆనందంలో ఐదు స్టార్లు కూడా ఇచ్చాను. వెళ్లి చూడండి, నా తెలివితక్కువతనం ఇంకా అక్కడ మెరుస్తూనే ఉంది.

రాత్రి ఎందుకో డిస్కు పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచాను. పవర్ ఆన్ అవర్స్ దగ్గర, అంటే డిస్కు ఇప్పటిదాకా నడిచిన గంటల దగ్గర, 26,312 అని ఉంది. మొదట అర్థం కాలేదు. 24తో భాగిస్తే 1,096 రోజులు! అంటే మూడేళ్లు రాత్రింబవళ్లు ఎక్కడో చాకిరీ చేసి వచ్చిన డిస్కు. హెల్త్ 71 శాతం. నాకు అమ్మింది మాత్రం "బ్రాండ్ న్యూ".

స్క్రీన్‌షాట్ పంపాను. ఏదో పొరపాటు జరిగిందంటాడనే అనుకున్నాను, నిజం. వచ్చిన జవాబు ఇదీ: "గంటలు చూడటానికి అదేమైనా సెకండ్ హ్యాండ్ బండా మేడం? స్పీడ్ వచ్చిందా లేదా?" వెనక్కి తీసుకోమంటే సీల్ తీశారు కాబట్టి కుదరదట. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎలా చూడాలయ్యా అంటే, "అది మీ ఇష్టం" అని పక్కన ఒక నవ్వు బొమ్మ. ఆ తర్వాత బ్లాక్. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు బొమ్మ మాత్రం కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

ఇంతా చేసి విండోస్ 11 ఎక్కిందా? ఎక్కలేదు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే అది అధికారికంగా తీసుకుంటుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. ఎన్ని ఎస్‌ఎస్‌డీలు బిగించినా నాలుగు ఎనిమిది కాదు. ఫొటో చూసిన ఆయనకు అది తెలియదా? తెలుసు. తెలియంది నాకే. కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ముందే ఒకసారి నడిపి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

అన్నట్టు, మీరు కొంటే డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, బిగించగానే గంటలు చూడండి. స్టార్లు ఆ తర్వాతే.

పాత హార్డ్ డిస్కును ఫార్మాట్ చేద్దామన్నాడు తమ్ముడు. ఆగమన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.