కేసుల లెక్కా, పాజిటివిటీ రేటా, మురుగునీళ్ళా? ఏది చూడాలి?

కేసులు పెరుగుతున్నాయని ఒకరంటారు, తగ్గాయని ఇంకొకరంటారు, అసలు ఏ నంబర్ చూడాలన్నా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, స్టాటిస్టిక్స్ చదివిన పాపానికి మా ఫ్యామిలీ గ్రూపులో కూడా ఈ ప్రశ్న నా మీదికే తోస్తారు. కోవిడ్‌నే తీసుకుందాం, అందరికీ గుర్తుంది కదా.

రోజువారీ కేసులు జబ్బు లెక్క కన్నా టెస్టుల లెక్క అనుకోండి. 2020లో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) మొదటి సీరో సర్వేలో, అంటే రక్తంలో యాంటీబాడీలు చూసి ఎంతమందికి సోకిందో లెక్కేసే సర్వేలో, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళలో 0.73 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చిపోయినట్టు తేలింది, అంటే మే మొదట్లోనే దాదాపు 64 లక్షల మంది, అప్పటికి బయటపడ్డ కేసులు లక్ష కూడా లేవు. అయినా ఫర్వాలేదు, వందలో ఒక్కటే దొరికినా రోజూ అదే వాటా దొరుకుతుంటే పెరుగుతోందో తగ్గుతోందో కరెక్టుగానే తెలుస్తుంది. గొడవంతా ఆ వాటా మారినప్పుడే. ఆదివారం ల్యాబులు మూస్తే కేసులు తగ్గుతాయి, వైరస్‌కి ఆదివారం లేదుగా!

పాజిటివిటీ రేటు, అంటే చేసిన టెస్టుల్లో ఎంత శాతం పాజిటివ్ వచ్చాయన్నది, కొంచెం నయం. నిన్న 1000 టెస్టులకి 50, ఇవాళ 2000కి 80 వచ్చాయంటే కేసులు పెరిగినట్టే కనిపిస్తుంది, రేటు మాత్రం 5 శాతం నుంచి 4కి దిగింది. కాకపోతే జ్వరమొచ్చినవాళ్ళకే టెస్ట్ చేస్తే రేటు ఎగబాకుతుంది, ప్రయాణాల కోసం చేయించుకునేవాళ్ళని కలిపితే పడిపోతుంది.

ఆర్ వేల్యూ, అంటే ఒక్కడి నుంచి సగటున ఎంతమందికి అంటుతోందన్న లెక్క, మామూలుగా ఆ కేసుల్లోంచే తీస్తారు, కాబట్టి అవి తప్పితే అదీ తప్పుద్ది. మరణాల లెక్క వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి.

నా ఓటు మురుగునీళ్ళకే. సోకినవాళ్ళ మలంలో వైరస్ ఆనవాళ్ళు వస్తాయి, అవి మురుగునీళ్ళలో ఎంతున్నాయో కొలుస్తారు. టెస్టుకి వెళ్ళనివాడు కూడా బాత్రూంకి వెళ్తాడు, నాకు అసలు పాయింట్ అదే. ఇంట్లోనే కిట్‌తో చూసుకుని ఎవరికీ చెప్పకుండా పడుకున్నవాళ్ళు కూడా ఇందులో లెక్కకొస్తారు. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్ళు నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల్లో శాంపిల్స్ తీసి దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. అయితే తగ్గినవాళ్ళ మలంలో కూడా వారాల తరబడి వైరస్ ఆనవాళ్ళు వస్తుంటాయి, అందుకని తలల లెక్కకి దీన్ని మరీ పట్టుకోకూడదు, పోయిన వారంతో పోల్చుకోడానికే బావుంటుంది. గట్టి వాన పడితే నీళ్ళు కలిసి ఆ పోలిక కూడా చెడుద్ది.

మరి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీయే లేని మా ఊరి సంగతేంటి అంటారా, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. అక్కడ మాత్రం పాజిటివిటీయే చూస్తా, అదీ ఊరంతా కాదు, ఒకే ఆస్పత్రిలో జ్వరంతో ఓపీకొచ్చేవాళ్ళలో వారం వారం అంతేమందికి చేసిన టెస్టులది.