లూరిస్తాన్ కంచు కడియం: మైనపు పోత మేలా, సుత్తి పని మేలా?

పశ్చిమ ఇరాన్‌లో, జాగ్రోస్ కొండల్లో ఉంది లూరిస్తాన్. అక్కడి సమాధుల్ని దొంగచాటుగా తవ్వి తీసిన కంచు సామాను 1920ల చివర్లో కుప్పలుగా అంగళ్లకెక్కింది. క్రీ.పూ. 1000–650 ప్రాంతపు ఆ సామానులో కొసలు సింహం తలగానో కొండమేక తలగానో ముగిసే కడియాలున్నాయి. అలాంటిది చెయ్యాలంటే ఏ దారి మంచిది?

తల వరకైతే మైనపు పోతకు సాటి లేదు: మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి మైనం కరిగించేసి, ఆ ఖాళీలో కంచు పోస్తారు. రెండు ముక్కల అచ్చులో, వెనక్కి వంగిన కొమ్ము అచ్చు విప్పేటప్పుడు ఇరుక్కుంటుంది. మైనమైతే కరిగి కారిపోతుంది కాబట్టి ఆ బెంగే లేదు. కంచు బరువు మైనానికి సుమారు తొమ్మిదింతలు. 12 గ్రాముల మైనపు బొమ్మకు దాదాపు 110 గ్రాముల కంచు కావాలి, పోత గొట్టంలో నిలిచేది అదనం. బొమ్మకు ముందు మజ్జిగలాంటి పలచటి మెత్తని మట్టి పూసి, ఆరాక పేడ కలిపిన ముతక మట్టి పెట్టాలి. నీడలోనే ఆరనివ్వాలి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది.

తొమ్మిది పాళ్లు రాగి, ఒక పాలు తగరం కలిస్తే 1000 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది. ఒట్టి రాగికి 1085 కావాలి. అచ్చులో తడి మిగిలితే ఆవిరి తన్ని లోహం బుడగలు పడుతుంది. అచ్చు చల్లబడితే కంచు కొమ్ము కొసకు చేరకముందే గడ్డకడుతుంది. కొస నుంచి గాలి పోవడానికి సన్నని మైనపు తీగ పెట్టకపోయినా కొమ్ము మొండిగానే వస్తుంది. అసలు చిక్కు మెడ దగ్గర: లావు తల చివర్న చల్లారుతూ లోహాన్ని లాక్కుంటుంది, సన్నని మెడ అప్పటికే గట్టిపడి కొత్త లోహాన్ని రానివ్వదు, లోపల గుల్ల మిగులుతుంది. అందుకే మెడను ఒక్కసారిగా సన్నం చెయ్యకూడదు. పోత పాడైతే కంచు మళ్లీ కరిగించుకోవచ్చు, మైనపు బొమ్మ మాత్రం పోయినట్టే. (ఆదిలాబాద్ ఓజాల డోక్రా లోహపు పోత పని చూసినవాళ్లకు ఇది తెలిసిన దారే. అక్కడ మట్టి ముద్ద మీద మైనపు తీగ చుడతారు, ఇంత చిన్న తలకు ఒట్టి మైనం చాలు.)

సుత్తి పనికి తల లొంగదు. అదే లూరిస్తాన్‌లో ఇనుప కత్తుల పిడులకు తలలు పెట్టారు. ఇనుమును పోత పోయడం చేతకాక ముక్కముక్కలుగా కొట్టి అతికారు. చూస్తే ఆశ్చర్యమే గానీ, ఆ తిప్పలు కంచుకెందుకు?

కడియం వలయానికి మాత్రం సుత్తే సరి. కొట్టేకొద్దీ కంచు గట్టిపడుతుంది. మసక ఎరుపు దాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ కొట్టాలి. ఎర్రగా ఉండగానే కొడితే పగుళ్లిస్తుంది. నీళ్లలో ముంచినా పర్లేదు, ఉక్కులా గట్టిపడదు. తగరం పది శాతం దాటేకొద్దీ అంచులు చిట్లుతాయి.

నా ఓటు రెండూ కలిపిన దారికే: తలలతో సహా తిన్నని కడ్డీగా పోత పోసి, నడిమి భాగాన్ని కాల్చి మెత్తబరిచి, కర్ర మేకు చుట్టూ వంచాలి. మెడ మీద వంపు పడకూడదు. 1938లో లూరిస్తాన్‌లోని సుర్ఖ్ దుమ్ ఆలయ తవ్వకాల్లో బయటపడ్డ, పళ్లెంలాంటి గుండ్రటి రేకు తల ఉన్న పిన్నులది వేరే లెక్క. ఆ రేకు మీది బొమ్మల్ని వెనకనుంచి కొట్టి ఉబ్బెత్తు చెయ్యాల్సిందే, అంత పలచన పోత నిండడం కష్టం.